అంతర్వేది రథం లాగిన ఐదో రోజు

జూలై 1, మంగళవారం

ఆకుమడికి నీళ్ళు పెట్టాలని మా ఆయన తెల్లారకముందే చేలోకి వెళ్ళిపోయారు. నేను లేచేసరికి అత్తయ్య గారు వీధి అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్నారు. కాఫీ ఇస్తే "ఎప్పుడొచ్చావే చెల్లీ, గోదావరి దాటడానికి పంటు దొరికిందా?" అని అడిగారు. ఆవిడ చెల్లెలు పోయి చాలా ఏళ్ళయింది. "దొరికిందండి, ఖాళీగానే ఉంది" అన్నాను. కాఫీ తాగి మళ్ళీ సూది అందుకున్నారు. ఎదురుగా ఉన్నది కోడలో చెల్లెలో తెలియదు గానీ, పువ్వుకి ఎన్ని రేకులో మాత్రం ఎక్కడా తప్పలేదు.

మొదట్లో మా ఆడపడుచు ఈ లేసు చూసే, "అమ్మ బాగానే ఉంది వదినా, నువ్వే కంగారు పడుతున్నావు" అనేది. డాక్టరు గారు విడమరిచి చెప్పాక ఒప్పుకుంది. ఆవిడకున్నది అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు. అందులో ముందుగా దెబ్బతినే వాటిలో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం ఒకటట. నిన్నా మొన్నా జరిగినవి దాచుకోవాలంటే అది పనిచెయ్యాలి. చేతులకి అలవాటైన పని మెదడులో వేరేచోట ఉంటుంది, చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి లేసు మానిపించొద్దన్నారు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఈ వయసు ఆడవాళ్ళు చాలామంది చిన్నప్పుడు పట్టిన సూదే ఇది. ఇప్పుడు ఆవిడ అల్లింది ఎవరూ కొనరు, దారానికి మాత్రం డబ్బు అవుతుంది. అవనీ.

ఒకటో తారీఖు కదా, ఏడింటికల్లా సచివాలయం కుర్రాడు పింఛను పట్టుకొచ్చాడు. "మామ్మ గారూ, ఇలా వేలు పెట్టండి" అన్నాడు. వేళ్ళు అరిగిపోయి ముద్ర ఓ పట్టాన పడలేదు. పడ్డాక నాలుగు వేలు ఆవిడ చేతిలోనే పెట్టాడు. నాకివ్వొద్దని అతనికి ముందే చెప్పి ఉంచాను. నా చేతికొస్తే "నా సొమ్ము కోడలు లాక్కుంది" అంటారు. అన్నా తప్పు లేదు, ఆవిడ పేరు మీద వచ్చే డబ్బే కదా.

టిఫిన్లయ్యాక మొదలైంది. "నా డబ్బు ఎత్తుకుపోయారు!" వీధి చివరిదాకా వినపడేంత కేక. "మీరే ఎక్కడో పెట్టుకుని ఉంటారండి" అన్నామంటే ఇక సాయంత్రం వరకూ గొడవే. "అయ్యో, పదండి వెతుకుదాం" అంటే కోపం సగం దిగుతుంది. బియ్యం డబ్బా చూశాం, దేవుడి గూడు చూశాం, తలగడ గలీబు తిరగేశాం. చివరికి దారపు ఉండలు దాచుకునే బిస్కెట్ల డబ్బాలో దొరికాయి. "చూశావా, భయపడి తెచ్చి పెట్టేశాడు వెధవ" అన్నారు. ఆ వెధవ ఎవడో గానీ నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆవిడా నవ్వారు.

పెట్టిన సంగతి గుర్తుండదు, చూస్తే వస్తువు కనపడదు. ఎవరో తీశారనుకోవడం తప్ప ఆ బుర్రకి ఇంకో దారేముంది? రోజంతా పక్కన ఉండేది ఎవరు, కోడలే. ఈ జబ్బు పేరు తెలియక మన ఊళ్ళలో ఎంతమంది కోడళ్ళకి దొంగ అని పేరొచ్చిందో, ఎన్ని వేరు కాపురాలు ఇలా మొదలయ్యాయో అనిపిస్తుంది.

వంట చేస్తుంటే ఫిబ్రవరిలో చేయించిన పరీక్ష గుర్తొచ్చింది. అసలు ఇవాళ డైరీ రాద్దామని కూర్చున్నది దాని గురించే.

మొదట వెళ్ళిన చోట ఒక అమ్మాయి కాగితం చూసి గబగబా ప్రశ్నలు చదివింది. ఇవాళ తారీఖెంత? ఏ సంవత్సరం? వందలోంచి ఏడు తీసెయ్యండి, అందులోంచి మళ్ళీ ఏడు తియ్యండి. ఒక వాక్యం రాయండి. ఈ బొమ్మ చూసి గియ్యండి. బడి మొహం చూడని మనిషి మా అత్తయ్య గారు. "ఏడు ఎందుకు తియ్యాలి, ఎవరికివ్వాలి?" అని అడిగారు. పెన్ను చేతికిస్తే పక్కన పెట్టేశారు. ముప్ఫై మార్కులకి ఏవో కొన్ని రాసి, "బాగా ముదిరిపోయింది" అని పంపేశారు. దారంతా మా ఆయన మాట్లాడలేదు.

రెండో డాక్టరు గారు అలా చెయ్యలేదు. ముందు రక్తపరీక్షలు రాశారు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, మనసు బాగా కుంగిపోయినా మతిమరుపు వస్తుందట, వాటికి వైద్యం ఉంది. చెవి వినపడకపోయినా ప్రశ్న అర్థం కాక తప్పు చెబుతారు కాబట్టి దగ్గరగా వచ్చి, మెల్లగా అడిగారు. "ఇవాళ ఏం రోజు మామ్మ గారూ?" అంటే ఆవిడ వేళ్ళు మడిచి, "అంతర్వేది రథం లాగి ఐదో రోజు. నిన్ననేగా పున్నమి" అన్నారు. ఆయన ఫోన్లో పంచాంగం చూసుకున్నారు. ఫిబ్రవరి 13. రథం లాగే భీష్మ ఏకాదశి 8న వెళ్ళింది, మాఘ పౌర్ణమి 12న. రోజు కూడా తప్పలేదు! ఏడు తీసే లెక్క బదులు డజను లేసుకి ఇంతయితే అయిదు డజన్లకి ఎంతని అడిగారు. తడుముకున్నారు గానీ చెప్పారు.

అలాగని జబ్బు లేదని తేలలేదు. చెంబు, కొబ్బరాకు, గేదె అని మూడు మాటలు చెప్పి, కాసేపు కబుర్లలో పెట్టి మళ్ళీ అడిగితే ఒక్కటీ రాలేదు. అసలు ఎవరైనా మూడు మాటలు చెప్పినట్టే ఆవిడకి తెలియదు. పదేళ్ళ కిందట చేసుకోగలిగిన పనుల్లో ఇప్పుడు ఏవి చేసుకోలేకపోతున్నారని నన్ను చాలాసేపు అడిగారు. పులుసులో ఉప్పు, పొయ్యి ఆపడం, నోటు చూసి ఎంతో చెప్పడం, అన్నీ చెప్పాను. స్కాన్ కూడా చూసి అల్జీమర్స్ అన్నారు. ఇంకా ముదరలేదన్నారు. ప్రశ్న ఆవిడ బతుకులోంచి అడిగితే జబ్బు ఎక్కడుందో, మనిషి ఎక్కడ మిగిలుందో రెండూ కనిపించాయి. మొదటి చోట రెంటినీ కలిపి సున్నా చుట్టేశారు.

ఇది ఆ ఒక్క డాక్టరు గారి మంచితనం కాదని తర్వాత తెలిసింది. 1990లలోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ళ కోసం ఆ ముప్ఫై మార్కుల ప్రశ్నల్ని హిందీలో మార్చి వాడారట. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు తయారుచేయించిన పరీక్షలు తెలుగుతో కలిపి ఐదు భాషల్లో ఉన్నాయి. ఉన్నవాటిని వాడాలి కదా! మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు అది. మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో, పట్నంలో కన్నా పల్లెలో ఎక్కువట. మా అత్తయ్య గారి లాంటి వాళ్ళలోనే ఎక్కువన్న మాట. వాళ్ళని పట్టుకుని వాక్యం రాయమంటే ఎలా?

హైదరాబాద్ నిమ్స్‌లో డిమెన్షియా వచ్చిన 648 మందిని చూసి 2013లో ఒక సంగతి రాశారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఒకే భాష వచ్చినవాళ్ళ కన్నా సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట, చదువురానివాళ్ళలో కూడా. ఆ లెక్కన మా వీధిలో కువైట్‌లో పనిచేసి అరబ్బీ నేర్చుకొచ్చిన ఆడవాళ్ళకి అది కొంత కలిసిరావాలి. ఆలస్యం అన్నారే గానీ రాదనలేదు లెండి.

మధ్యాహ్నం అన్నం, బీపీ మాత్ర, షుగర్ మాత్ర, మెదడు మాత్ర. ఈ మూడోది పోయిన జ్ఞాపకం తేదు, కొన్నాళ్ళు మనిషిని కాస్త నిలకడగా ఉంచుతుంది అంతే. ఆ ముక్క మా ఆయనకి ఇప్పటికీ మింగుడుపడదు. చెవి మిషన్ కొన్నాం, పెట్టుకోరు. పెట్టిన పది నిమిషాలకి తీసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. చెవుడు, బీపీ, షుగర్, ఒంటరితనం లాంటివి 14 ఉన్నాయని, వాటిని ముందునుంచీ చూసుకుంటే లోకంలో వచ్చే డిమెన్షియాలో దాదాపు సగాన్ని ఆపడమో వెనక్కి నెట్టడమో కుదరవచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. అది అత్తయ్య గారికి కాదు, నాకు. నా బీపీ చూపించుకుని ఎంత కాలమైందో ఆలోచిస్తే సిగ్గేసింది.

సాయంత్రం గాలి మొదలైంది. పొద్దు వాలితే ఆవిడకి ఎలాగూ అలజడి, దానికి గాలి తోడైతే చెప్పక్కర్లేదు. "ఇంటికెళ్ళాలి, చెట్లు నిలబడ్డాయో లేదో" అని చీర కొంగు బిగించారు. ఆవిడ పుట్టిల్లు గోదావరి అవతల, సఖినేటిపల్లి వైపు. 1996 నవంబరు తుపానుకి అక్కడి వాళ్ళ కొబ్బరితోట మొత్తం నేలకొరిగింది. ఆ రాత్రి నిన్నటిది, ఇవాళ పొద్దున తాగిన కాఫీ ఎప్పటిదో. "ఇదే మీ ఇల్లండి" అని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. "పదండి, చూసొద్దాం" అని చెయ్యి పట్టుకుని కాలవ గట్టు మీద నడిపించాను. గట్టు పొడుగునా కొబ్బరిచెట్లు చూపించి "అన్నీ నిలబడే ఉన్నాయి" అన్నాను. ఒక్కోదాన్ని తలెత్తి చూసి, "ఇది కాపుకొచ్చిందే!" అని సంతోషపడ్డారు. వీళ్ళతో అబద్ధం ఆడొద్దని కొందరంటారు. చెట్లు నిలబడి ఉన్న మాట నిజమే కదా.

గట్టు మీదే మాస్టారు గారి భార్య కలిశారు. ఆవిడా టీచరుగా చేసి రిటైరయ్యారు. మా అత్తయ్య గారిని చప్టా మీద కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పారు. మాస్టారు కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారట. పాలకొల్లు నుంచి వస్తూ దారి తప్పి ఎవరినో అడిగి ఇల్లు చేరారట. "తీసుకెళ్ళి చూపించామమ్మా. ఆ ప్రశ్నలన్నిటికీ టకటకా చెప్పేశారు, ముప్ఫైకి ఇరవై తొమ్మిది. ఏమీ లేదు పొమ్మన్నారు." ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి వందలోంచి ఏడు తియ్యడం ఒక పరీక్షా! మా అత్తయ్య గారికి లేనంత జబ్బు చూపించిన ఆ కాగితమే ఈయనకి ఉన్నదాన్ని దాచేస్తూ ఉండొచ్చు.

మా డాక్టరు గారి దగ్గరికి గురువారం వెళ్తున్నాం, మీరూ రండి అన్నాను. ఆలోగా తోచనప్పుడు మాట్లాడుకోవడానికి 14416, పెద్దవాళ్ళ సాయానికి 14567 నంబర్లు ఇచ్చాను. జరిగినవన్నీ తారీఖులతో రాసి, మాస్టారి ఎదురుగా చెప్పకుండా కాగితమే డాక్టరు గారి చేతికిమ్మన్నాను. భార్య నోట తన తప్పుల జాబితా వింటే ఏ మాస్టారైనా లేచి వచ్చేస్తారు. "ఆయనకి ఏమని చెప్పి బయల్దేరదీయను?" అన్నారు. ఆ ఆలోచనలో మేముండగా చప్టా మీంచి అత్తయ్య గారు, "మాస్టారిని నాకు తోడు రమ్మను. మీ ఆయనకి డాక్టరుతో మాట్లాడ్డం రాదు" అన్నారు. చెవి మిషన్ లేకపోయినా అంతా విన్నట్టున్నారు. గురువారం నాటికి ఆ మాట ఆవిడకి గుర్తుండదు గానీ, మాస్టారు మాత్రం తప్పకుండా వస్తారు.