రసీదు ఏదిరా?

మేం ఇరవై ఏడు అని పిలిచేవాడు ఫోన్ చేసి "మన స్కూలు పాత విద్యార్థుల సంచికకి నువ్వో రెండు పేజీలు రాయాలి, ఆదివారంలోగా" అన్నాడు. ఏం రాయమంటావురా అంటే "ఏదైనా రాయి, నా పేరు మాత్రం ఎత్తకు" అన్నాడు. ఎత్తడం లేదు. చందా పోయిన నెలే పంపాను, రసీదు ఇంకా రాలేదు. సెక్రటరీ గారు గమనించాలి.

ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఏం జరిగిందో నన్నడగొద్దు. లెక్కల పీరియడ్‌లో తేలు, హెడ్మాస్టారి గొడుగు... అవన్నీ లాస్ట్ బెంచీ వాళ్లు ఎలాగూ రాస్తారు. నాకు గుర్తున్నది సోషల్ మాస్టారు. 1989 మే 7, అల్లూరి సీతారామరాజు వర్ధంతి.

సెలవుల్లో రమ్మంటే వచ్చింది తొమ్మిది మందిమి. అందులో ముగ్గురు కేవలం బస్సెక్కే సరదాతో వచ్చారు (ఇద్దరు ఇప్పుడు కమిటీలో ఉన్నారు). నర్సీపట్నం నుంచి అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట దాకా మాస్టారు కడ్డీ పట్టుకుని నిలబడే పాఠం చెప్పారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి దాడి. "11, 7, 8. మొత్తం ఎన్ని తుపాకులురా?" "26!" అని అరిచాం. బస్సు బస్సంతా మావైపు తిరిగింది. ఒక్కడు తప్ప అందరం సరిగ్గానే చెప్పాం, వాడు ఇరవై ఏడన్నాడు. "ఆ ఎక్కువైనదానికి రసీదు ఏదిరా?" అని మాస్టారు అడిగింది అప్పుడే. ఆ పేరు అక్కడ పడింది, ఇక ఊడలేదు.

అల్లూరి అనగానే అందరికీ గడ్డం, విల్లు గుర్తొస్తాయి. మాస్టారికి రిజిస్టర్ గుర్తొచ్చేది. స్టేషన్ మీద పడి ఆయుధాలు పట్టుకెళ్లిన మనిషి, ఏమేం తీసుకెళ్తున్నాడో అక్కడి పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. "దొంగైతే సంతకం పెడతాడురా?" అనేవారు. ఆ పక్కనే బాస్టియన్‌ని నిలబెట్టేవారు. లంబసింగి రోడ్డు పనికి మన్యం వాళ్లని తోలి, కూలి సరిగా ఇవ్వని డిప్యూటీ తాసిల్దారు. "ముద్ర వాడి దగ్గరుంది. లెక్క ఎవరిది సరిగ్గా ఉంది?" పబ్లిక్ పరీక్షలో 1882 అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు అన్నీ రాసి, చివర్లో ఈ రసీదు ముక్క కూడా తగిలించాను. దానికి మార్కులు వేసినట్టు లేరు.

సమాధి దగ్గర షామియానా వేశారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. ఎవరన్నది ఇక్కడ అనవసరం. దండలు, ఫొటోలు, జోహార్లు అయ్యాక మైకులో రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. నలభై సెకన్లకే మైకు గరగరలాడి అందరినీ కూర్చోమంది. కుర్చీలు చప్పుడయ్యాయి. మాస్టారు మాత్రం కూర్చోలేదు. ఎడమ చెయ్యి గుండెల దాకా ఎత్తి వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. అదే, పట్టీ తెగితే నల్లదారంతో కుట్టుకున్న వాచీ. మేం కూర్చోవాలో లేవాలో తెలీక సగం వంగి ఉండిపోయాం. వేదిక మీద ఉపన్యాసం మొదలైపోయింది. వెనకాల ఎవరో "పెద్దాయనా, కూర్చో, కనపడట్లేదు" అన్నారు. మిగతా నిమిషం ఇరవై సెకన్లూ అయ్యాక, చేతిరుమాలుతో మెడ తుడుచుకుని కూర్చున్నారు.

తిరుగు బస్సులో దాని గురించి ఒక్క మాట అనలేదు. అల్లూరి అనుచరులు గాం సోదరుల గురించి చెప్పారు. గంటందొర 1924లోనే పోయాడు. మల్లుదొర పట్టుబడి, అండమాన్ వెళ్లి, ప్రాణాలతో తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. "పోయినవాడికి దండ వేస్తాం. బతికొచ్చినవాణ్ని ఏం చేయాలో మనకి తెలీదురా" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడూ సగమే.

నేనేమయ్యానో తెలియని వాళ్ల కోసం: ఆడిట్‌లో ఉన్నాను. ఉపాధి హామీ మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు చూస్తాను. ఒక రోడ్డు పనిలో, ఎప్పుడో పోయిన మనుషుల వేలిముద్రలు పడుతున్నాయని రాశాను. నిజంగా మట్టి మోసినవాళ్లకి మాత్రం కూలి అందలేదు. పదకొండు నెలలు ఫైలు వెనకాల తిరిగితే 112 మందికి డబ్బు పడింది. సన్మానం జరగలేదు, బదిలీ జరిగింది. ఆ ఫైలు జిరాక్స్ ఇప్పటికీ మా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. మా ఆవిడకి అదో గొడవ. దేశభక్తి గీతం వింటే అందరిలా నాకు కళ్లు చెమర్చవు. టోటల్ కలవకపోతే మాత్రం నిద్ర పట్టదు.

మాస్టారు పోయి ఏడేళ్లు. మొన్న మే 7న నేనూ ఇరవై ఏడూ వాడి కారులో కృష్ణదేవిపేట వెళ్లాం. మళ్లీ దండలు, జోహార్లు. మౌనం ఈసారి ముప్పై సెకన్లే. మైకు కూర్చోమంది. నేను సెల్‌ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, చాలా ఇబ్బందిగా ఉంది. వెనక నుంచి ఓ కుర్రాడు "అంకుల్, కూర్చోండి" అన్నాడు. పక్కకి చూస్తే ఇరవై ఏడు కూడా కూర్చోలేదు. పెదవులు కదులుతున్నాయి. సెకన్లు లెక్కపెడుతున్నాడు.

వాడి లెక్క నమ్మే ధైర్యం లేక నేను ఫోన్ వంకే చూశాను.