టేబుల్ మీద బాగానే ఉంటుంది, బిగిస్తే ఆగిపోతుంది

వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో అయిపోతుంది. మా తూర్పు తీరంలో పడవలకి రంగులు, వలలకి కుట్లు, ఇంజన్లకి రిపేర్లు అన్నీ ఆ 61 రోజుల్లోనే. అందుకే మావయ్య ఏప్రిల్ ఆఖర్లో భైరవపాలెం నుంచి ఆటోలో తన ఇంజన్ వేసుకొచ్చి మా పెరట్లో దించాడు. యమహా ఎండ్యూరో, 15 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. పద్దెనిమిదేళ్లుగా ఆయన చిన్న ఫైబర్ బోటు వెనక వేలాడుతూ గౌతమి పాయల్లో, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పునీళ్లలో తిరిగిన ముసలిది. పోయిన ఏడాది పిస్టన్ పట్టేసింది.

నేను చేసేది కాకినాడలో మోటార్ వైండింగ్ పని. పంపుసెట్ల ఇంజన్లు కూడా చూస్తాను. అవుట్‌బోర్డ్ ఇంజన్ పూర్తిగా విప్పడం మాత్రం ఇదే మొదలు. సిలిండర్లకి బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు, క్రాంక్ ఆయిల్ సీళ్లు, హెడ్ ప్యాకింగ్, నీళ్ల పంపు ఇంపెల్లర్ వేశాను. ఆ పనంతా మూడు వారాల్లో అయిపోయింది. గొప్పగా చెప్పుకోడానికి అందులో ఏమీ లేదు, కొలతలు చూసుకుని పుస్తకంలో ఉన్నట్టు బిగించడమే. నా తల తిన్నది పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే కార్బొరేటర్. అరచేతిలో పట్టే వస్తువు.

నీళ్లు నింపిన ప్లాస్టిక్ డ్రమ్ములో ఇంజన్ నిలబెట్టి, లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపాను. కొత్త రింగులకి మొదటి పది గంటలూ ఈ పాళ్లే, తర్వాత 20కి దిగాలి. చోక్ లాగి తాడు లాగితే నాలుగో లాగుకి అందుకుంది. వెనక నుంచి సన్నటి నీళ్ల ధార కూడా వచ్చింది. ఇంజన్ ఉచ్చ పోస్తోందంటే లోపల నీళ్లు తిరుగుతున్నాయనే లెక్క. పక్కింటి పిన్నిగారు పొగకి కిటికీ మూసేశారు గానీ నాకైతే పండగే. అలా చోక్ లోపలికి నొక్కానో లేదో, టప్పున ఆగిపోయింది.

మళ్లీ అదే. చోక్ ఉంటే బతుకుతుంది, తీస్తే పోతుంది. సగం రేసు ఇచ్చి పట్టుకుంటే చక్కగా తిరుగుతుంది. స్లోకి దించితే ఆగిపోతుంది.

ఇందులో లెక్క ఉంది. రేసు ఇచ్చినప్పుడు పెట్రోలు మెయిన్ జెట్ (సన్న కన్నం ఉన్న చిన్న మర) లోంచి వస్తుంది, స్లోలో పైలట్ జెట్ లోంచి. పైలట్ దారి చివర బటర్‌ఫ్లై (గాలి దారిని తెరిచి మూసే పలక) పక్కన సూది మొనంత రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే స్లోలో తాగడానికేమీ ఉండదు. చోక్ వేసినప్పుడు ఆ పీల్పుకి ఎక్కడినుంచో అదనంగా పెట్రోలు లాక్కుంటుంది కాబట్టి బతుకుతుంది. అయితే ఎక్కడైనా దొంగగాలి లోపలికి వస్తున్నా సరిగ్గా ఇదే లక్షణం. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. క్రాంక్ కింది ఆయిల్ సీలు వంకరగా కూర్చోబెట్టి ఉంటే? అంటే పవర్‌హెడ్, అదే సిలిండర్లూ క్రాంకూ ఉండే పై భాగం మొత్తం మళ్లీ పైకి లేపాలి.

కార్బొరేటర్ విప్పాను. పైలట్ జెట్ లోంచి ఒక్క రాగి తీగ పోగు దూర్చి చూశాను (వైండింగ్ షాపులో తీగలకి కొదవా!). శుభ్రంగా ఉంది. క్లీనర్ స్ప్రే కొట్టాను, రంధ్రాలన్నిట్లోంచి ధారలు వచ్చాయి. ఫ్లోట్ ఎత్తు చూశాను, నీడిల్ వాల్వు చూశాను. బిగించాను. చోక్ తీస్తే ఆగిపోయింది. మర్నాడు రాత్రంతా క్లీనర్లో నానబెట్టి, గాలి కొట్టి బిగించాను. ఆగిపోయింది. మూడోసారి కూడా అంతే. టేబుల్ మీద ప్రతి కన్నమూ తెరిచే ఉంది.

మావయ్య ఫోన్ చేస్తే చెప్పాను.

"స్లో స్క్రూ తిప్పి చూశావా?"

"చూశాను మావయ్యా, లోపలికి తిప్పినా బయటికి తిప్పినా ఏం తేడా లేదు."

"తేడా లేదా? అసలు పలకట్లేదా? మరింకేంటల్లుడూ, పై కాలవకే అడ్డు పడితే తూము తలుపు తిప్పి ఏం లాభం?"

ఆయన పదో తరగతి తప్పాడు. నేను ఐటీఐ. ఆ మాట నాకు తట్టలేదు. పైలట్ దారికి తూము తలుపు లాంటిది ఆ స్లో స్క్రూ. దొంగగాలి వల్లే అయితే స్క్రూ తిప్పినప్పుడు కొంచెమైనా మంచికో చెడ్డకో మారాలి. అసలు కదలిక లేదంటే ఆ దారిలో పెట్రోలు చుక్క కూడా రావడం లేదు. అంటే ఆయిల్ సీళ్ల జోలికి పోనక్కర్లేదు. సగం బరువు దిగింది. కానీ దారి తెరిచే ఉంది కదా, నా కళ్లతో చూశాను కదా?

జవాబు దొరికింది నా బద్ధకం వల్ల. నాలుగోసారి విప్పినప్పుడు కార్బొరేటర్ పైన ఉండే చిన్న మూత స్క్రూలు తీయబుద్ధి కాలేదు. కింది గిన్నె ఒక్కటే ఊడదీసి, తలకిందులుగా పట్టుకుని, పైలట్ జెట్ తీసిన కన్నంలో స్ప్రే గొట్టం పెట్టి నొక్కాను. మందంతా వెనక్కి చిమ్మి నా ముఖాన పడింది. కళ్లజోడు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు ఆస్పత్రే. ముఖం కడుక్కుని వచ్చి మూత తీసి అదే కన్నంలో కొట్టాను. అటువైపు నుంచి ధార!

మూతకీ బాడీకీ మధ్య ఉండేది నేను కొన్న రిపేరు కిట్‌లో వచ్చిన కొత్త ప్యాకింగ్ ఒక్కటే, లీకు కాకుండా వేసే పల్చటి కాగితం గ్యాస్కెట్. దాన్ని బాడీ మీద పెట్టి సెల్ టార్చ్ వేశాను. స్క్రూల కన్నాలు సరిపోయాయి. అంచులూ సరిపోయాయి. బాడీలో పక్కపక్కన మూడు చిన్న రంధ్రాలున్నాయి. ప్యాకింగ్‌లో రెండే. ఆ మూడోదే పైలట్ పెట్రోలు పైకొచ్చే దారి, దాని మీద కాగితం బిళ్లలా మూత పడి ఉంది. ఆ కిట్ రెండు మూడు మోడళ్లకి కలిపి చేసింది, మన దానికి దగ్గరగా ఉంటుందే తప్ప మనది కాదు. శుభ్రం చేసేటప్పుడల్లా ముందు ప్యాకింగ్ తీసేస్తాను కాబట్టి దారి తెరిచే కనపడేది. బిగించేటప్పుడు నా చేత్తో నేనే మూసేవాణ్ని. పాత ప్యాకింగ్ చిరిగి అతుక్కుపోయిందని బ్లేడుతో గీకి చెత్తలో పారేసిన మొదటి రోజే ఈ కథ మొదలైందన్న మాట. పోల్చుకోడానికి ముక్క కూడా మిగల్చలేదు.

ఉన్నదానికే కన్నం పెడదామంటే ఆ చోట అంచు మరీ సన్నం. ప్యాకింగ్ షీటు పావు మీటరు తెచ్చి కొత్తది కోసుకున్నాను. ఈ పని మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే నాకు భలే ఇష్టం. షీటుని బాడీ మీద కదలకుండా పట్టుకుని, గుండు తల ఉన్న చిన్న సుత్తితో అంచు వెంబడి టిక్ టిక్ మని కొట్టుకుంటూ పోతే అంచు పదును కిందే కాగితం తెగుతుంది. కన్నాల దగ్గర గట్టిగా కొట్టకూడదు, అల్యూమినియం నొక్కుకుంటుంది. అక్కడ ముద్ర పడేలా తడితే చాలు. తర్వాత చెక్క మీద పెట్టి, అంచు నూరిన సన్నటి ఇత్తడి గొట్టంతో ఒక్కో దెబ్బ. మూడు కన్నాలు. టార్చ్ వేస్తే మూడు చుక్కల వెలుగు. బిగించి తాడు లాగాను, చోక్ తీశాను, ఆగలేదు. స్క్రూ పావు చుట్టు తిప్పితే గొంతు మారింది, వెనక్కి తిప్పితే మళ్లీ మారింది. మావయ్యకి ఫోన్లో ఆ చప్పుడే వినిపించాను.

జూన్ 12న భైరవపాలెం తీసుకెళ్లి పాయలో ట్రయల్ వేశాం. డ్రమ్ములో పెట్టిన స్లో నీళ్లలో పనికిరాదు, గేరు వేసి లోడు పడ్డాకే అసలు సంగతి. వేడెక్కాక గేరులో స్లో సరిచేశాను. ఫుల్ ఇస్తే బోటు ముక్కు లేచింది. రెండు నిమిషాలకి గొంతు పట్టేసినట్టై ఆగిపోయింది. నా గుండె కూడా. మళ్లీ కార్బొరేటరేనా?

మావయ్య ఏమీ మాట్లాడకుండా పెట్రోలు పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు పట్టుకు చూశాడు. అది లోపలికి పీక్కుపోయి చప్పిడైపోయి ఉంది. లోపల పెట్రోలుంటే అది గట్టిగా ఉండాలి, గాలి లీకుంటే మెత్తగా ఊగాలి. చప్పిడైందంటే ఇంజన్ పీలుస్తోంది, ట్యాంకు వదలట్లేదు. ట్యాంకు మూత మీద, లోపలికి గాలి వదిలే స్క్రూ విప్పాడు. బుస్సుమంది. దాన్ని బిగించి ఉంచింది నేనే, ఆటోలో ఒలకకూడదని.

ఫుల్ రేసులో పెట్రోలు తగ్గడం టూ స్ట్రోక్‌కి మామూలు విషయం కాదు. ఆయిల్ వచ్చేదీ ఆ పెట్రోలుతోనే, అది తగ్గితే పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది. పోయిన ఏడాది పట్టేసింది కూడా ఇలాంటిదేనేమో అని నా అనుమానం. ఎందుకంటే బల్బు విప్పితే లోపలి పొర మెత్తబడి నల్లటి నలుసులు రాలుతున్నాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరుకి అది పడదు, పైగా ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం, మనం ఉండేదేమో నీళ్ల మీద. బల్బు, పైపు, రెండూ ఇథనాల్‌కి తట్టుకునే రకం తెప్పించి మార్చాను. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ కూడా మార్చేశాను. వారానికి మించి ఆపితే కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయమని మావయ్యకి చెప్పాను. చేస్తాడని నమ్మకం లేదు.

జూన్ 14 రాత్రి చివరిసారి స్లో చూసుకున్నాం. స్క్రూ పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఒకటింపావు చుట్టు వెనక్కి. ఇంజన్ కవర్ లోపల ఆ సంగతి మార్కర్‌తో రాసి, దాని కింద ఇంకో వాక్యం రాశాను: పై మూత ప్యాకింగ్‌కి మూడు కన్నాలు. కోసిన షీటులో మిగిలిన ముక్కతో ఇంకొకటి చేసి, పాలిథీన్ కవర్లో పెట్టి, అక్కడే టేపు వేసి అంటించాను.