కొడైకానల్‌లో సరస్సు కాకుండా ఇంకో చోటు

కొడైకానల్ అంటే సరస్సు, సైకిళ్ళు, హోమ్‌మేడ్ చాక్లెట్లు. మొదటి రోజంతా మేమూ అదే పనిలో ఉన్నాం. రెండో రోజు పొద్దున్నే మాత్రం టాక్సీ డ్రైవర్‌ని సెయింట్ మేరీస్ రోడ్డుకి పోనివ్వమన్నాను. మాది చిత్తూరు, తమిళం బాగానే వచ్చు. "అక్కడేముంది సార్, మూసేసిన థర్మామీటర్ ఫ్యాక్టరీ తప్ప" అన్నాడు. దానికోసమే వచ్చానన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ళ చిన్నాయన అందులోనే పనిచేశాడని చెప్పాడు.

చిన్నప్పుడు మా ఇంట్లో థర్మామీటర్ పగిలితే ఆ పాదరసం గుండ్లను అరచేతిలో దొర్లించుకుని ఆడుకున్నాం, అది విషమని మాకెవరూ చెప్పలేదు. ఆ ఫ్యాక్టరీ గోడ బయట నిలబడితే అదే గుర్తొచ్చింది.

1980లలో అమెరికాలోని వాటర్‌టౌన్‌లో మూతపడిన ఫ్యాక్టరీ ఈ కొండ మీదికి వచ్చింది. ఇక్కడ తయారైన థర్మామీటర్లు ఎక్కువగా విదేశాలకే వెళ్ళేవి, పగిలిన గాజు మాత్రం ఇక్కడే మిగిలేది. 2001 మార్చిలో ఊళ్ళోని ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో పాదరసం అంటిన గాజు గుట్టని స్థానికులు, గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్ళు కలిసి బయటపెట్టాక ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో దాదాపు 290 టన్నుల వ్యర్థాలు తూత్తుకుడి రేవు నుంచి ఓడెక్కి, శుద్ధి కోసం అమెరికాలోని పెన్సిల్వేనియాకి వెళ్ళాయి. ధనిక దేశాల చెత్త పేద దేశాల మీద పడకూడదనే 1989లో బాసెల్ ఒప్పందం చేసుకున్నారు, కానీ చెత్త ఇటునుంచి అటు వెళ్ళడం నేను విన్నది ఈ ఒక్కసారే. ఈ ఊరి జనం పట్టుబట్టబట్టే అది జరిగింది. అందుకే వాళ్ళంటే నాకు గౌరవం. పాదరసంతో ఆరోగ్యం పాడైందని కార్మికులు కూడా ఏళ్ళ తరబడి కొట్లాడితే 2016లో 591 మందికి పరిహారం మీద రాజీ కుదిరింది.

"డబ్బాలు ఓడలో పంపారు సరే, ఫ్యాక్టరీలో పాదరసం ఇంకిన మట్టిని కూడా పంపొచ్చు కదా సార్?" అన్నాడు డ్రైవర్ తిరుగుదారిలో.

మట్టిని ఇక్కడే కడిగి, వేడిచేసి పాదరసం తీయాలన్నది ప్రణాళిక అని, కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల దాకా మిగలొచ్చా, ఇంకా తగ్గాలా అన్న దగ్గరే తగువంతా అని చెప్పాను. ఆ నేల వాటర్‌టౌన్‌లో ఉండుంటే అక్కడివాళ్ళు 20కి ఒప్పుకునేవాళ్ళా? నాకు నమ్మకం లేదు.

మర్నాడు అడుక్కం రోడ్డు మీదుగా దిగి కుంబక్కరై జలపాతం దగ్గర ఆగాం. ఫ్యాక్టరీ వెనకున్న అడవి పేరు పాంబార్ షోలా, ఇక్కడ దూకే ఏరు పేరూ పాంబారే. మావాళ్ళు స్నానానికి దిగారు. నేను తువ్వాళ్ళు పట్టుకుని గట్టు మీదే కూర్చున్నాను.