చేవ బయట ఉండే చెట్టు

పోయిన డిసెంబరులో నరసాపురంలో రైలు దిగి, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవుకి చేరాను. మా స్నేహితుడి మేనమామగారి ఊరు అక్కడికి దగ్గరే. అంతర్వేది వెళ్లి స్వామి దర్శనం చేసుకున్నాను, గోదావరి సముద్రంలో కలిసే చోటూ చూశాను. కానీ ఇంటికొచ్చాక ఎవరు అడిగినా నేను చెబుతున్నది మావయ్యగారి చేలగట్టు మీది తాడిచెట్ల గురించే.

చేలోకి వెళ్లాలంటే పంటబోదె దాటాలి. దాని మీద రెండు తాటి మొద్దులు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఆగి చూస్తుంటే, "రా బాబూ, పర్లేదు. మా నాన్నగారి హయాంలో వేసినవవి" అన్నారు మావయ్యగారు. అవతల మడిలోకి నీళ్లు పారే తూము కూడా తాటిదే, లోపల తొలిచిన మొద్దు.

"టేకుకీ తుమ్మకీ చేవ లోపలుంటుంది. దీనికి బయటుంటుంది" అన్నారాయన. లోపలంతా మెత్తటి దవ్వ. ముదురు చెట్టును చీల్చి దవ్వ తీసేస్తే నల్లటి గట్టి చెక్క మిగులుతుంది. దూలాలూ వాసాలూ దాంతోనే. చీల్చకుండా తొలిస్తే తూము. మొదలు దగ్గర లావుగా ఉండే భాగాన్ని తొలిస్తే దోనె. చిన్నప్పుడు కొల్లేరులో తాటి దోనెలు చూశాను. ఒక్క మొద్దులో మనిషి కూర్చునేంత చోటు ఎలా వచ్చిందో నాకు ఇన్నేళ్లకు అర్థమైంది.

ఆయన పెంకుటింటి వసారాలో తలెత్తితే అవే వాసాలు. పశువుల పాక మీద తాటాకు, దొడ్డి చుట్టూ మట్టల దడి. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయట, గట్టు మీది తాడిచెట్లు మాత్రం నిలబడ్డాయట. ఆ మాట చెబుతూ ఆయన ఒక చెట్టు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయారు.

సాయంత్రం తేగల పాతర తవ్వారు. భాద్రపదంలో రాలిన పళ్ల టెంకలను ఇసక నేలలో పాతరేస్తే, ఈ చలికి తేగలు దిగుతాయి. అత్తయ్యగారు వాటిని కుండలో పేర్చి, చుట్టూ మంట పెట్టి తంపట వేశారు. పొట్టు ఒలిచి తేగను రెండుగా చీలిస్తే మధ్యలో లేత మొలక. పిల్లలు దాన్ని చందమామ అంటారు, అది నాకంటే నాకని పోటీ పడతారు. తేగ తీసేశాక ఆ టెంక కూడా వృథా కాదు. కత్తితో పగలగొడితే లోపల తెల్లటి బుర్రగుంజు. తియ్యగా, దూదిలా ఉంటుంది. వేసవి ముంజెల కంటే నాకు ఇదే నచ్చింది.

ఇంత ఇచ్చే చెట్టు కాపుకు రావడానికే 12, 15 ఏళ్లు పడుతుంది. చేవ పట్టాలంటే ఇంకా ఎన్నో ఏళ్లు ఆగాలి. పక్క చేలో రొయ్యల చెరువు కోసం గట్టు తవ్వేసి, ఉన్న చెట్లన్నీ ఇటుక బట్టీకి తోలేశారు. ఆ ఖాళీ గట్టు చూసి నాకు చాలా బాధేసింది. "మరి మీరో?" అని అడిగాను.

ఆయన నన్ను గట్టు చివరికి తీసుకెళ్లారు. మోకాలెత్తు కూడా లేని నాలుగు తాటి మొక్కలు, విసనకర్రల్లాంటి ఆకులు. చుట్టూ ముళ్లకంప వేసి ఉంది. "వీటి దూలాలు నా మనవడు వాడుకుంటాడులే" అన్నారు.