మొదటి ఆదివారం

కాలేజీలో మమ్మల్ని మేం పేర్లతో పిలుచుకున్నది తక్కువ. గుడివాడ, మైలవరం, ఉయ్యూరు, కైకలూరు... ఎవరి ఊరు వాళ్ల పేరు. నేను నూజివీడు. 1985లో విజయవాడ మాచవరంలోని మన ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీలో చేరిన పదిమందిమి, ఇవాళ్టికీ ఫోనెత్తితే ఆ ఊళ్ల పేర్లే.

విశ్వనాథ సత్యనారాయణ గారు పాఠాలు చెప్పిన కాలేజీలో చదివామని మా పిల్లలకు గర్వంగా చెప్పుకుంటాం. కానీ మన కాలేజీ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నా కళ్లముందు మెదిలింది మాత్రం అట్టమీద పసుపు బొట్టు పెట్టిన లెక్కల పుస్తకం.

1988లో ఆఖరి పరీక్ష రాసి, ఏలూరు రోడ్డు మీద టీ తాగుతున్నాం. మాలో ఉన్న ఇద్దరమ్మాయిల్లో ఒకతె ఉయ్యూరు. "మనం చీటీ వేద్దాం" అంది. అందరం ఆమె మొహం చూశాం. "ఉత్తరాలు రాసుకుందామంటే ఆర్నెల్లు రాస్తాం, తర్వాత మానేస్తాం. డబ్బు కట్టాలంటే మాత్రం ఎంత దూరాన ఉన్నా వచ్చి కడతాం" అంది. ఇరవై ఏళ్ల పిల్ల అంత ముందుచూపుతో ఎలా అందో!

మనిషికి యాభై, మొత్తం 500. నెలలో మొదటి ఆదివారం పాట. చీటీ సంగతి తెలిసిందే కదా, అవసరం ఉన్నవాళ్లు తగ్గించుకుంటూ పాడతారు, ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చీటీ వాళ్లది. వదులుకున్న సొమ్ము అందరికీ సమానంగా పంచుతారు. జులైలో మొదటి పాట. గుడివాడ వాడికి ఉద్యోగాల అప్లికేషన్లకీ, టైపు ఇన్‌స్టిట్యూట్‌కీ డబ్బు కావాలి. మేం సరదాకి పోటీ పాడాం. వాడు తగ్గి తగ్గి 380కి ఎత్తుకున్నాడు. మిగిలిన 120 పంచితే తలా పన్నెండు రూపాయలు. ఉయ్యూరు తన పన్నెండూ తీసుకోలేదు. "వీడికి అవసరమొస్తే మనకు లాభమా?" అని మాత్రం అంది. ఒకళ్ల తర్వాత ఒకళ్లం మా పన్నెండు రూపాయలూ గుడివాడ చేతిలో పెట్టేశాం. మా చీటీలో అదే మొదటి పాట, అదే ఆఖరి పాట. ఆ తర్వాత వంతుల ప్రకారం వెళ్లేది. ఎవరికైనా ముందు అవసరమైతే వంతు మార్చుకునేవాళ్లం.

1990 మే తుఫాను నూజివీడు తోటల్ని ఎలా ఊడ్చేసిందో ఆ ప్రాంతం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెట్టు మీదున్న కాయ తెల్లారేసరికి నేలమీద ఉంది. మా నాన్న తోటలోకి వెళ్లి, ఒక్క కాయ కూడా ఏరకుండా తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నా బీఎడ్ ఫీజుకు ఆ కాయే ఆధారం. జూన్ మొదటి ఆదివారం నేను చందా కట్టడానికే వెళ్లాను, అడగడానికి కాదు. అప్పటికి చందా వంద, చీటీ వెయ్యి. ఆ నెల వంతు మైలవరానిది, వాళ్ల చెల్లెలి పెళ్లి కుదిరింది. వాడు నా మొహం చూసి, "పెళ్లి శ్రావణంలో కదరా, నాకింకా టైముంది. నువ్వు తీసుకో" అన్నాడు. తీసుకున్నాను. బీఎడ్ చేశాను, టీచరునయ్యాను. కంసాలికి బయానా ఇవ్వడానికి వాడు ఆ వారమే తన సైకిలు అమ్మేశాడని పదేళ్ల తర్వాత ఉయ్యూరు చెప్పింది. ఆ మాట వాడి దగ్గర ఎత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

ఉద్యోగాలొచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి. కైకలూరు అమెరికా వెళ్లినా చందా ఆపలేదు. వంద ఐదొందలైంది, ఇప్పుడు 5,000. ఇంతలో పుస్తకాలు మూడు నిండి నాలుగోది మొదలైంది. అన్నీ ఉయ్యూరు చేతిరాతే.

2021 మేలో కరోనా గుడివాడను తీసుకుపోయింది. ఆ మొదటి పాట ఎత్తినవాడే ముందు వెళ్లిపోయాడు. చివరిచూపు కూడా మాకు దక్కలేదు. జూన్ మొదటి ఆదివారం పొద్దున్నే వాడి భార్య ఉయ్యూరుకు ఫోన్ చేసి, "ఆయన చందా పంపించానక్కా" అందట. ఆ నెల చీటీ నా వంతు. నేనే ఫోన్ చేసి "ఇది నీదమ్మా చెల్లెమ్మా" అన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఇంకేం మాట్లాడలేకపోయాను. వాడి వరుస పుస్తకంలో అలాగే ఉంది, వాడి ఊరి పేరుతోనే.

2024 సెప్టెంబరు 1 కూడా మొదటి ఆదివారమే. సింగ్‌నగర్‌లో ఉయ్యూరు ఇంట్లో కలవాలి. తెల్లవారేసరికి బుడమేరు నీళ్లు ఆ వీధుల్లోకి వచ్చేశాయి. ఫోన్లో దొరికింది ఒక్క నిమిషం. "పుస్తకం అటక మీద పెట్టాను" అంది. ఆమె మేడ మీదకెక్కిందో లేదో చెప్పలేదు, పుస్తకం సంగతే చెప్పింది! ఆ రాత్రి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అటు కృష్ణ, ఇటు బుడమేరు. నేనూ మైలవరమూ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద పాలప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు పెట్టుకుని నిలబడ్డాం. వచ్చిన ప్రతి పడవలోకీ తొంగిచూశాం. అమెరికా నుంచి కైకలూరు గంటగంటకూ ఫోను. మర్నాడు మధ్యాహ్నం ఓ పడవలో ఉయ్యూరు, ఆమె భర్త, నైలాన్ సంచిలో చుట్టిన పుస్తకం వచ్చాయి.

అక్టోబరు మొదటి ఆదివారం ఆ ఇంట్లోనే కూర్చున్నాం. గోడమీద నీళ్లు నిలిచిన గీత మా భుజాల ఎత్తున ఉంది. ఎంత కడిగినా బురద వాసన పోలేదు. ఫ్రిజ్, మంచాలు, బీరువాలో చీరలు, ఏవీ మిగల్లేదు. ఉయ్యూరు ఎప్పటిలాగే పుస్తకం తెరిచి, "ఈ నెల మైలవరం వంతు" అంది. మైలవరం తల అడ్డంగా ఊపాడు. "నా వంతు ఫిబ్రవరిలో. అప్పుడు తీసుకుంటా" అంది ఆమె. వాడేం మాట్లాడకుండా ఆమె చేతిలోంచి పుస్తకం లాక్కుని, జేబులో పెన్ను తీసి, అక్టోబరు వరుసలో వంకరటింకర అక్షరాలతో "ఉయ్యూరు" అని రాశాడు.

ముప్పై ఆరేళ్లలో ఆ పుస్తకాల్లో పడ్డ రెండో చేతిరాత అది.