నేను కట్టించినది కాదా?

బబులోను రాజు నెబుకద్నెజరు తన రాజభవనంలో తిరుగుతూ అనుకున్న మాట దానియేలు గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది: "బబులోనను ఈ మహా విశాలపట్టణము నా బలాధికారమును నా ప్రభావఘనతను కనపరచుటకై నా రాజధాని నగరముగా నేను కట్టించినది కాదా?" ఆ మాట నోట్లో ఉండగానే ఆకాశం నుంచి తీర్పు వినబడింది. రాజ్యం పోయింది. మనుషుల్లోంచి తరిమేస్తే పశువుల్లా గడ్డి మేశాడు, ఆకాశపు మంచుకు తడిశాడు, గోళ్ళు పక్షుల గోళ్ళలా పెరిగాయి.

1899లో రాబర్ట్ కోల్డెవే అనే జర్మన్ పరిశోధకుడు బబులోను శిథిలాల్లో తవ్వకాలు మొదలుపెట్టాడు. అక్కడి ఇటుకల మీద నెబుకద్నెజరు పేరు, అతని తండ్రి పేరు ముద్ర వేసి ఉన్నాయి. గోడ లోపలికి పోయి ఎవరి కంటా పడని ఇటుకకి కూడా రాజు పేరే. మట్టి తొక్కినవాడి పేరు లేదు, మోసినామె పేరు లేదు.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? విశాఖపట్నంలో, హైదరాబాదులో, చెన్నైలో మేడలు లేచిన చోటల్లా మన ఊళ్ళ నుంచి వలసపోయిన కూలీలున్నారు. దేవుని మందిరాల దగ్గరకే వద్దాం. గుమ్మం పక్కన నల్లరాతి పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో దాతల పేర్లు. స్లాబు పోసిన రోజు పొద్దున్నుంచీ సిమెంటు తట్టలు మోసిన అక్క ఆ పలక పక్కనుంచే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, వెనక చాప మీద కూర్చుంటుంది. దాతల పేర్లు రాయడమే పాపమని నేననను. ఆ అక్క పేరు సంఘంలో ఎవరికీ గుర్తులేకపోతే మాత్రం భయపడాల్సిందే.

ఎందుకంటే ఆ తీర్పుకి ముందే రాజుకి హెచ్చరికగా ఒక కల వచ్చింది. దాని భావం చెప్పిన దానియేలు ప్రవక్త రాజుకి ఇచ్చిన సలహా 27వ వచనంలో ఉంది. పాపాలు మాని నీతి న్యాయాలు అనుసరించు, బాధపడుతున్నవాళ్ళ మీద కరుణ చూపించు అన్నాడు. బలులు అర్పించమనలేదు, ఉపవాసం ఉండమనలేదు. రాజు గర్వం ఎవరి వీపు మీద నిలబడిందో దేవునికి తెలుసు. అయినా తీర్పు వెంటనే రాలేదు, పన్నెండు నెలల గడువు దొరికింది. ఆ ఏడాదిలో ఏ ఒక్కరోజు మనసు మార్చుకున్నా సరిపోయేదని నాకనిపిస్తుంది.

గర్వం మీద దేవుని తీర్పు గురించి చెప్పేటప్పుడు మనం తరచూ వేలు తప్పువైపు చూపిస్తాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన జిల్లాలోని కొబ్బరి, జీడితోటల ప్రాంతమైన ఉద్దానాన్ని ఊడ్చేసింది. ముందురోజు దాకా కాపు మీదున్న కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి, వేళ్ళతో లేచి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జీడితోటల్లో నడిచే దారి లేదు. కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. అలాంటి రైతు ముందు నిలబడి, ఇది జనం అహంకారానికి దేవుడిచ్చిన శిక్ష అనడానికి ఏ బోధకుడికీ అధికారం లేదు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది యెరూషలేములోని మిగతావాళ్ళకంటే పాపులని అనుకుంటున్నారా అని యేసు ప్రభువే అడిగి, కాదని తేల్చిచెప్పాడు. మీరూ మారుమనస్సు పొందకపోతే నశిస్తారని ఆ ప్రశ్నని వింటున్నవాళ్ళ మీదకే తిప్పాడు. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు రాసింది కూడా సంఘానికే.

ఈ అధ్యాయంలో నన్ను బాగా కదిలించేది దాని మొదటి వచనం. ఇదంతా నెబుకద్నెజరు సకల జనులకూ పంపిన ప్రకటన. ఏడు కాలాలు గడిచాక కళ్ళు ఆకాశం వైపు ఎత్తాడు, బుద్ధి తిరిగొచ్చింది, రాజ్యమూ తిరిగొచ్చింది. సింహాసనం ఎక్కాక ఆ సంగతి కప్పిపుచ్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. కానీ తాను గడ్డి మేసిన సంగతి తన పేరుతోనే లోకమంతా చాటించాడు. ఈసారి ఇంట్లో కుటుంబ ప్రార్థనలో చదివేటప్పుడు కల దగ్గర మొదలుపెట్టకండి. రాజు పలకరింపు నుంచి, "మీకు క్షేమాభివృద్ధి" అన్న మాట నుంచి, పిల్లలకి వినబడేలా చదవండి.