నాలుగు నిమిషాల నడక

ముఖం కడుక్కోవడానికి వంగాను, నడుం కలుక్కుమంది. ఇక లేవలేకపోయాను. బరువులెత్తలేదు, జారిపడలేదు. ఇంత చిన్న పనికి ఇంత నొప్పా అని ఎవరికైనా చెప్పుకోవడానికే సిగ్గేసింది.

రెండు వారాలు మంచం దిగలేదు. నన్నెవరూ పడుకోమనలేదు. కదిలితే ఇంకేదో తెగుతుందని నా భయం. మామూలు నడుం నొప్పికి రోజుల తరబడి పడుకోవడమే చేటని తర్వాత తెలిసింది. స్కాన్ తీయించాను. రిపోర్టులో 'డిస్క్ బల్జ్' (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి డిస్క్ ఉబ్బడం) అన్న మాట చదివాక నొప్పి నిజంగానే పెరిగింది. ముందురోజుకీ ఆరోజుకీ వెన్నులో మారిందేమీ లేదు, కాగితం చేతికొచ్చింది, అంతే.

కాళ్లలో తిమ్మిరి ఉందా, బలం తగ్గిందా, మూత్రం మీద అదుపు తప్పిందా అని డాక్టర్ అడిగారు. ఏవీ లేవు. అప్పుడాయన 1994లో వెలువడిన ఒక పరిశోధన సంగతి చెప్పారు. నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా మందిలో కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బి కనిపించిందట. "వాళ్లెవరూ మీలా మంచం ఎక్కలేదండీ" అన్నారు. నవ్వొచ్చింది. నవ్వితే నడుం లాగింది.

ఫిజియోథెరపీ మేడమ్ నన్ను కుర్చీలోంచి లేవమని చూసి, "ఊపిరి ఎందుకు బిగబట్టారు?" అన్నారు. బిగబట్టానని నాకే తెలీదు. ఆ తర్వాత గమనించాను. చెప్పులేసుకునే ముందు, మంచంలో పక్కకి తిరిగే ముందు, తుమ్ము వస్తుందేమో అనిపించినా సరే, దవడ బిగిసేది, పొట్ట గట్టిపడేది. నొప్పి ఇంకా రానే లేదు, ఒళ్లు మాత్రం దెబ్బ కాచుకోవడానికి సిద్ధం. రోజంతా అలా బిగుసుకుని ఉంటే నడుం కండరాలు అలిసిపోక ఏం చేస్తాయి? మూడు నెలలు దాటిన నొప్పిలో, దెబ్బ మానినా నరాల వ్యవస్థ అలారం మోగిస్తూనే ఉండొచ్చని ఆవిడ చెప్పారు. ఇది విని 'అయితే అంతా నీ మనసులోనే ఉందన్నమాట' అన్నవాళ్లున్నారు. వాళ్లంటే నాకిప్పటికీ ఒళ్లుమంట. నొప్పి అబద్ధం కాదు.

ఆవిడ పెట్టిన లెక్క ఇది: రోజుకి రెండుసార్లు నాలుగు నిమిషాల నడక. నొప్పున్నా నాలుగే, లేకపోయినా నాలుగే. వారానికొక నిమిషం పెంచాలి. ఇదీ ఒక వైద్యమేనా అనుకున్నాను. కష్టమంతా ఒళ్లు బాగున్న రోజునే ఉందని మూడోవారంలో తెలిసొచ్చింది. హుషారుగా ఉందని ఏకంగా నలభై నిమిషాలు నడిచి, నాలుగు రోజులు పడుకున్నాను. మేడమ్ కోప్పడలేదు. "మళ్లీ నాలుగు నుంచి మొదలుపెడదాం" అన్నారు. తిట్టినా బాగుండేది.

వంగడం నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఊపిరి మెల్లగా వదులుతూ వంగాలి. ముందు బల్ల మీది పెన్ను, తర్వాత కుర్చీ మీది పెన్ను. నేల మీది పెన్ను అందుకునేసరికి ఐదో నెల వచ్చింది. పడుకునే ముందు ఒక కాగితం మీద నిద్ర, టెన్షన్, నొప్పి రాసుకునేవాణ్ణి. నిద్ర చెడిన మర్నాడు నొప్పి పెరగడం అందులో ఎన్నిసార్లు కనిపించిందో.

మొన్న ముఖం కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటుంటే తట్టింది, వంగే ముందు అసలేమీ ఆలోచించలేదని. తట్టగానే దవడ బిగిసింది. మెల్లగా ఊపిరి వదిలాను.